మిషన్ కాలేజీలో రెండు పాఠాలు: సమాజశాస్త్రం, పాలనాశాస్త్రం, మాలమాదిగ విద్యార్థి

దళితులకు చదువు చెప్పింది మిషనరీలే అనే మాట మన దగ్గర రెండు గొంతుల్లో వినపడుతుంది. ఒకటి మనవాళ్ళది. తాతకి అక్షరాలు దిద్దించిన దొరనీ, దొరసాని పెట్టిన బోర్డింగు స్కూలునీ తలుచుకుని చెప్పే కృతజ్ఞత అది. రెండోది మతమార్పిడి పేరుతో మనల్ని తిట్టేవాళ్ళది. వింత ఏమిటంటే, ఈ ఇద్దరూ బడినీ కాలేజీనీ కలిపేసి మాట్లాడతారు. పల్లెలో తాటాకుకప్పు కింద నడిచిన బడి వేరు, పట్నంలో రాతిస్తంభాల మీద నిలబెట్టిన కాలేజీ వేరు. మొదటిది మాలమాదిగల కోసం పెట్టింది. రెండోది పెట్టినప్పుడు మన పిల్లలు ఎవరి మనసులోనూ లేరు.

ఈ వ్యాసంలో చూడదలుచుకున్నది కాలేజీని. అందులోనూ ఆర్ట్స్ సెక్షన్ని, అందులో రెండు సబ్జెక్టుల్ని: సోషియాలజీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. ఈ రెండే ఎందుకంటే, ఒకటి మన గురించి చెప్పే శాస్త్రం, రెండోది మనల్ని పాలించే శాస్త్రం. క్రైస్తవ కాలేజీ బెంచీ మీద కూర్చున్న దళిత క్రైస్తవ విద్యార్థికి ఈ రెండూ వరస పీరియడ్లలో వస్తాయి. ఆ పీరియడ్ల మధ్య బెల్లు కొట్టే అయిదు నిమిషాల్లో ఏమవుతుందో మన మేధావులు పెద్దగా పట్టించుకోలేదు.

బందరు దారి, ఒంగోలు దారి

తెలుగునేల మీద మిషన్ ఉన్నతవిద్యకి మొదటి పేరు రాబర్ట్ నోబుల్. 1841లో బందరు వచ్చాడు, 1843లో ఇంగ్లీషు బడి పెట్టాడు. అదే తర్వాత నోబుల్ కాలేజీ. అది అగ్రకులాల పిల్లల కోసం పెట్టిన బడి అని ఆయన దాచుకోలేదు. బ్రాహ్మడు మారితే ఆ వెలుగు మెల్లగా కిందికి దిగుతుందని ఆనాటి నమ్మకం. కలకత్తాలో 1830లో అలెగ్జాండర్ డఫ్ మొదలుపెట్టిన దారి అదే. దీన్ని వడపోత సిద్ధాంతం అంటారు. పైన పోసిన నీళ్ళు కిందికి దిగుతాయని చెప్పారు గాని మధ్యలో ఉన్న గుడ్డ ఎవరు నేసిందో చెప్పలేదు. 1852లో నోబుల్ బడిలో ఇద్దరు అగ్రకుల విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే బడి దాదాపు ఖాళీ అయిపోయింది. కాలం గడిచాక మళ్ళీ నిండింది. నోబుల్ 1865లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు.

మిషనరీలందరూ ఒకే అచ్చు అనుకోనక్కర్లేదు. మద్రాసులో జాన్ ఆండర్సన్ 1837లో పెట్టిన బడిలో మరుసటి ఏడే పరయ పిల్లల్ని చేర్చుకున్నారని గొడవ లేచింది. అగ్రకుల విద్యార్థులు వెళ్ళిపోయారు. ఆండర్సన్ ఆ పిల్లల్ని పంపించెయ్యలేదు. అయితే ఆ బడే పెరిగి 1877 నాటికి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. దాన్ని నాలుగు దశాబ్దాలు నడిపించిన విలియం మిల్లర్ కాలంలో లక్ష్యం మారిపోయింది. మతమార్పిడి కాదు, హిందూ సమాజపు పైపొరలో క్రైస్తవ భావాలు ఇంకించడం అన్నారు. ఆ కాలేజీ పట్టాతో రాధాకృష్ణన్, పట్టాభి సీతారామయ్య లాంటివాళ్ళు వచ్చారు. రాధాకృష్ణన్ 1908లో ఎం.ఎ. కోసం రాసిన సిద్ధాంతవ్యాసమే వేదాంతపు నీతి మీద. హిందూమతం మీద మిషనరీలు చేసే విమర్శకి జవాబుగా రాసింది. అంటే మిషన్ డబ్బుతో, మిషన్ తరగతి గదిలో బ్రాహ్మణ పునరుజ్జీవనం పదును పెట్టుకుంది. ఇది నింద కాదు, జరిగింది.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. 1854 వుడ్ డిస్పాచ్ గ్రాంట్ ఇన్ ఎయిడ్ పద్ధతి తెచ్చింది. 1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది. దాంతో మిషన్ కాలేజీ బతుకు రెండు తాళ్ళకి కట్టుబడింది: సర్కారు గ్రాంటు, యూనివర్సిటీ పరీక్ష. పరీక్ష ఫలితాలు బాగుండాలంటే ఇంట్లో తరతరాలుగా పుస్తకం ఉన్న పిల్లలు కావాలి. 1882లో హంటర్ కమిషన్ ముందు జ్యోతిబా ఫూలే చెప్పింది ఇదే: శూద్రాతిశూద్రుల కష్టార్జితం మీద వసూలైన పన్నులు బ్రాహ్మణ పిల్లల పైచదువులకి పోతున్నాయని. ఫూలే తానూ పూనాలో స్కాటిష్ మిషన్ బడిలో చదువుకున్నవాడే. కాబట్టి లోపలి సంగతి తెలిసి చెప్పిన మాట అది.

ఇప్పుడు ఒంగోలు చూడండి. 1866లో అక్కడికి చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి బ్రాహ్మణ కుటుంబాల పిల్లలు వచ్చారు. మాదిగలు రావడం మొదలవగానే, వాళ్ళుంటే మేముండమన్నారు. క్లౌ వాళ్ళని పోనిచ్చాడు, మాదిగల్ని ఉంచుకున్నాడు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆ ఉద్యమానికి అసలు నాయకుడు. 1876-78 ధాత కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని క్లౌ కూలి ఇప్పించాడు. 1878 జులై 3న వెలుంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ గుంపులో ప్రతి ఒక్కరూ అన్నం కోసమే వచ్చారని తీర్పు చెప్పేవాళ్ళు, కరువులో ఆకలి లేనివాళ్ళు.

ఈ రెండు దారుల్ని పక్కపక్కన పెడితే ఒక మొండి నిజం కనపడుతుంది. కాలేజీ ఉన్నచోట మనవాళ్ళు లేరు. మనవాళ్ళు ఉన్నచోట కాలేజీ లేదు. బందరులో డిగ్రీ చదువు ఉంది, మాదిగ విద్యార్థి లేడు. ఒంగోలు చుట్టూ వేలమంది మాదిగ క్రైస్తవులున్నారు, వాళ్ళ చదువు వాచకం దగ్గరో, ఉపదేశి శిక్షణ దగ్గరో ఆగిపోయింది. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో హెయర్‌తో మొదలై 1885లో కాలేజీ పెట్టింది. అదే తర్వాత ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ. జిల్లాలో లూథరన్ సంఘం ఎక్కువగా మాలమాదిగల సంఘం. కాలేజీ పేరు మాత్రం కమ్మ, బ్రాహ్మణ, రెడ్డి కుటుంబాల జ్ఞాపకాల్లో కూడా అంతే గట్టిగా ఉంది. ఎన్.టి.రామారావు చదివింది అక్కడే. ఆయన సంగతి మళ్ళీ వస్తుంది.

లిండ్సే కమిషన్: పల్లె పాఠమవుతుంది

ఈ ఎడం మిషన్ పెద్దలకి కనపడలేదనుకోవద్దు. 1930-31లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఎ.డి.లిండ్సే నాయకత్వంలో ఒక కమిషన్ వచ్చి దేశంలోని క్రైస్తవ కాలేజీలన్నీ తిరిగింది. కాలేజీలు యూనివర్సిటీ పరీక్షలకి బందీలయ్యాయని, పల్లెల్లో పెరిగిన సంఘానికీ వీటికీ సంబంధం తెగిపోయిందని 1931 నివేదికలో రాసింది. మందుగా ఏం చెప్పింది? ప్రతి కాలేజీలో పరిశోధన, విస్తరణ విభాగం పెట్టమంది. అంటే అధ్యాపకులూ విద్యార్థులూ చుట్టుపక్కల పల్లెల్ని అధ్యయనం చెయ్యాలి, తెలిసినదాన్ని ఆ పల్లెలకి పనికొచ్చేలా తిరిగి ఇవ్వాలి.

అప్పటికే మద్రాసు యూనివర్సిటీలో గిల్బర్ట్ స్లేటర్ విద్యార్థుల చేత పల్లెల సర్వేలు చేయించి 1918లో పుస్తకం తెచ్చాడు. 1933లో జె.వాస్కమ్ పికెట్ సామూహిక మతాంతరీకరణల మీద పెద్ద అధ్యయనం అచ్చువేశాడు. తెలుగు ప్రాంతపు సంఘాలు కూడా అందులో ఉన్నాయి. ఎందుకు క్రైస్తవుడివయ్యావని మనుషుల్ని అడిగి, వచ్చిన జవాబుల్ని ఆత్మీయం, లౌకికం, సామాజికం, పుట్టుకతో వచ్చింది అని నాలుగు మూటలు కట్టాడు. 1938లో రాన్సన్ మద్రాసు పట్నం మురికివాడల జీవితం మీద రాశాడు. క్రైస్తవ సంస్థల్లో సమాజశాస్త్రం అనే సబ్జెక్టుకి పీరియడ్ రాకముందే ఆ శాస్త్రపు పని ఇలా మొదలైంది.

ఇందులో మంచి లేదని కాదు. పల్లె మనిషి చెప్పింది కాగితం మీద రాయడం చిన్నపని కాదు, కరణం లెక్కల్లో అతను తలకాయ లెక్క కూడా కాదు. కాని ఎవరు అడుగుతున్నారు, ఎవరు చెబుతున్నారు అనేది ఆనాడే స్థిరపడిపోయింది. అడిగేది కాలేజీ, చెప్పేది పల్లె. పికెట్ వేసిన ప్రశ్ననే తీసుకోండి. 'నువ్వు ఎందుకు మారావు' అని మాలని అడిగారు. 'నువ్వు అతన్ని ఎందుకు ఊరి బయట ఉంచావు' అని రెడ్డిని అడిగి, అతని జవాబుల్ని నాలుగు మూటలు కట్టినవాళ్ళు లేరు.

ఇదే కాలంలో, ఇంకా ముందే, వేరే రకం చదువు ఒకటి జరిగింది. అంబేద్కర్ 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో ఉన్నాడు. 1915లో ఎం.ఎ. కోసం ఆయన రాసింది ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థికవ్యవహారాల మీద. మరుసటి ఏడు 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో చదివింది భారతదేశంలో కులాల పుట్టుక, పనితీరు మీద. తర్వాత 1925లో రాష్ట్రాల ఆర్థికపాలన మీద పుస్తకం. అంటే నేడు మనం సోషియాలజీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అని రెండు గదుల్లో చదివేదాన్ని ఆయన ఒకే బల్ల మీద పెట్టుకుని చదివాడు. కులం ఎలా పనిచేస్తుందో తెలియకుండా పాలన అర్థం కాదు, ఖజానా ఎలా నడుస్తుందో తెలియకుండా కులం అర్థం కాదు. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు సాక్ష్యం, 1928లో సైమన్ కమిషన్‌కి ఇచ్చిన పత్రాలు, 1942లో వైస్రాయి కౌన్సిల్లో చేరాక దళితుల ఉద్యోగాల గురించి చేసిన ఒత్తిడి, అన్నీ ఈ కలిసిన చదువులోంచి వచ్చినవే. 1943లో కేంద్ర సర్వీసుల్లో 8 1/3 శాతం, 1944లో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులు. ఆ స్కాలర్‌షిప్పే ఆ తర్వాత మన పిల్లల్ని డిగ్రీ కాలేజీ గుమ్మం దాటించింది. మిషన్ దాటించలేని గుమ్మం కూడా అందులో ఉంది.

క్రైస్తవంలోకి వెళ్ళిన అంటరానివాళ్ళ స్థితి మీద ఆయన రాసినవి 1989లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన అయిదో సంపుటంలో వచ్చాయి. మిషన్ల డబ్బు చాలావరకు కాలేజీలకీ ఆసుపత్రులకీ పోయిందని, దాని ఫలం అగ్రకుల హిందువులే తిన్నారని, మారిన అంటరానివాడికి దక్కింది తక్కువని ఆయన ఫిర్యాదు. మిషన్‌కి శత్రువుగా రాసింది కాదది, లెక్క అడిగినవాడి మాట.

వేబర్ రెండుసార్లు వస్తాడు

స్వాతంత్ర్యం వచ్చాక ఈ రెండు శాస్త్రాలూ వేర్వేరు ఇళ్ళు కట్టుకున్నాయి. సమాజశాస్త్రంలో ఎం.ఎన్.శ్రీనివాస్ 1952లో కూర్గుల మీద రాసిన పుస్తకంతో 'సంస్కృతీకరణ' అనే మాట స్థిరపడింది. ఉస్మానియాలో ఉన్న ఎస్.సి.దూబే హైదరాబాదు దగ్గర శామీర్‌పేటని అధ్యయనం చేసి 1955లో పుస్తకం తెచ్చాడు. తెలుగు విద్యార్థికి తన ఊరిలాంటి ఊరు ఇంగ్లీషు పుస్తకంలో కనపడటం అదే మొదలు. పాలనాశాస్త్రంలో 1953 పాల్ ఆపిల్‌బీ నివేదిక, 1954లో ఢిల్లీలో భారత ప్రభుత్వపాలనా సంస్థ. పుస్తకాలన్నీ 1887 ఉడ్రో విల్సన్ వ్యాసంతో మొదలవుతాయి, గులిక్ ఏడు పనులతో ముందుకు పోతాయి. అమెరికా నగర కమిషనర్ల కోసం రాసినదాన్ని మనవాళ్ళు నరసరావుపేట తాలూకా కచేరీకి అతికించారు.

రెండు పుస్తకాల్లోనూ కనపడేవాడు మాక్స్ వేబర్. సోషియాలజీ పీరియడ్‌లో ఆయన హిందూమతం మీద, కులం మీద 1916-17లో రాసిన అధ్యయనంతో వస్తాడు. పుట్టుకే మనిషి పనినీ గౌరవాన్నీ ఎలా కట్టేస్తుందో చెబుతాడు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పీరియడ్‌లో ఉద్యోగస్వామ్యం మీద వస్తాడు. అక్కడ అధికారికి కులం లేదు, బంధువు లేడు, రాగద్వేషాలు లేవు, నిబంధన ఒక్కటే ఉంది. ఒకే మనిషి రాసిన రెండు మాటలివి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి, 'అయ్యా, ఆ కులంలో పుట్టినవాడే ఈ కుర్చీలో కూర్చుంటే ఏమవుతుంది?' అని అడగాల్సిన చోట బెల్లు కొడతారు.

నేను చదివిన కోస్తా జిల్లా క్రైస్తవ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. పాలనాశాస్త్రం మాస్టారు బోర్డు మీద గ్రామపాలన పటం వేశారు. పైన మునసబు, పక్కన కరణం, కింద తలారి. అంతే. వెట్టి లేడు. నా పక్కన కూర్చున్నవాడి తాత ఊరికి వెట్టి. శిస్తు డబ్బు మూట తాలూకాకి మోసింది ఆయన. చాటింపు వేసింది ఆయన. దొరలు క్యాంపుకొస్తే సామాను మోసింది, ఊళ్ళో గుర్తు తెలియని శవం పడితే రాత్రంతా కాపలా కాసింది ఆయన. నా స్నేహితుడు లేచి అడిగాడు. 'అది పరిపాలన కాదు బాబూ, ఊరి కట్టుబాటు' అన్నారు మాస్టారు. ఆయన చెడ్డమనిషి కాదు, పుస్తకంలో ఉన్నదే చెప్పారు. కాని ఆలోచించండి. కరణీకం కూడా పుట్టుకతో వచ్చేదే, బ్రాహ్మణ ఇంట్లోనే ఉండేది. 1895 మద్రాసు చట్టం ఆ వంశపారంపర్యాన్ని చట్టం చేసి పెట్టింది. అది పరిపాలన అయింది. వెట్టి మాలమాదిగ ఇంట్లో ఉండేది, అది కట్టుబాటు అయింది. తెలంగాణాలో పటేల్, పట్వారీల కింద నీరడి, బేగరి సంగతీ ఇంతే.

1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఈ కరణం, మునసబు, పటేల్, పట్వారీ ఉద్యోగాల్ని రద్దు చేసింది. రాజకీయంగా ఎందుకు చేశాడన్నది వేరే చర్చ. మన రాష్ట్రంలో బ్రాహ్మణ కరణీకం మీద పడిన అంత పెద్ద పాలనాపరమైన దెబ్బ మరొకటి లేదు. పైన ఉన్న ఉద్యోగాలు పోయాయి, కింద మోసేవాడు మాత్రం ఉన్నాడు. ఒకసారి గ్రామసేవకుడన్నారు, తర్వాత విఆర్ఏ అన్నారు. పేర్లు మారుతుంటే ఆ ఇళ్ళు ఎక్కడ మారాయో ఎవరైనా సర్వే చేస్తే బాగుండేది.

సోషియాలజీ ఫీల్డువర్కు ఇంకో కథ. బస్సులో తీసుకెళ్ళారు. ముందు ప్రెసిడెంటుగారి అరుగు మీద కూర్చుని ఊరు గురించి రాసుకున్నాం. ఎన్ని కులాలు, ఎన్ని గడపలు, ఎవరు ఎవరితో తింటారు, అన్నీ ఆయనే చెప్పారు. పల్లెకి చివరి అరగంటలో వెళ్ళాం. అక్కడ చర్చి దగ్గర ఒక ముసలామె నన్ను చూసి, 'మీదే ఊరయ్యా, ఎవరి మనవడివి?' అని అడిగింది. నేను ఆమెని అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆమే నన్ను అడిగింది. అరుగు మీంచి చూస్తే కులవ్యవస్థ మెట్లమెట్లుగా, ఎవరి పని వాళ్ళు చేసుకునే ఏర్పాటులా కనపడుతుంది. కిందినుంచి చూస్తే అది కూలి, నీళ్ళు, దెబ్బలు. 1974లో జోన్ మెంచర్ అనే మానవశాస్త్రవేత్త కులవ్యవస్థని తలకిందులు చేసి చూడమని రాసింది ఇందుకే. ఆ వ్యాసం మా సిలబస్‌లో లేదు. లూయీ డ్యూమా ఉన్నాడు.

మన పిల్లలు ఈ గ్రూపులోకి ఎందుకొచ్చారన్నది కూడా చెప్పాలి. ఇష్టంతో వచ్చినవాళ్ళు కొందరు. చాలామందికి లెక్కలూ సైన్సూ హైస్కూల్లోనే తెగిపోయాయి, అక్కడ చెప్పేవాడు లేక. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక ఆర్ట్స్ పుస్తకాలు తెలుగులో దొరికాయి. హాస్టల్లో ఒక పుస్తకం నలుగురు చదువుకోవచ్చు, ల్యాబు ఫీజు లేదు. పైగా సర్వీస్ కమిషన్ పరీక్షల ఆశ. 1987 నుంచి సివిల్ సర్వీసు పరీక్షలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఐచ్ఛికమయ్యాక ఆ ఆశ ఇంకా పెరిగింది. వెట్టివాడి మనవడు ఎమ్మార్వో కావాలని ఆ శాస్త్రం చదివాడు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే విప్లవ మేధావులున్నారు, వాళ్ళ ఇళ్ళల్లో ఎమ్మార్వోలు ఎప్పుడో అయిపోయారు.

ఒక పీరియడ్‌లో కులం ఉంది, మరోదాంట్లో లేదు

అసలు చిక్కు ఇక్కడుంది. 1968లో పి.వై.లూక్, జాన్ కార్మన్ మెదక్ డయోసిస్‌లోని పల్లె సంఘాల మీద చేసిన అధ్యయనం పుస్తకంగా వచ్చింది. బాప్తిస్మం తీసుకున్న మాలలు మాలలుగానే, మాదిగలు మాదిగలుగానే ఉన్నారని, ఊరు వాళ్ళని అలాగే చూస్తోందని, సంఘం లోపల కూడా ఆ గీత చెరగలేదని ఆ పుస్తకం చదివినవాళ్ళకి అర్థమవుతుంది. 1988లో పాల్ వీబ్ మహబూబ్‌నగర్ మెన్నొనైట్ల మీద రాశాడు. సమాజశాస్త్రం ఎటు తిరిగి చూసినా చెప్పింది ఒక్కటే: మతం మారినా కులం పోలేదు.

తర్వాతి పీరియడ్‌లో రాజ్యాంగం, పాలన. 341వ అధికరణం. దాని కింద 1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు, మూడో పేరా. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుడు బయటే. ఆంధ్రప్రదేశ్‌లో 1970 సెప్టెంబరు 23 నాటి జి.ఓ. 1793తో వెనకబడిన తరగతుల జాబితాలో 'సి' గ్రూపు పెట్టి, క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలకీ వాళ్ళ సంతానానికీ 1 శాతం ఇచ్చారు. 1977లో జి.ఓ. 341తో చట్టబద్ధం కాని కొన్ని రాయితీలు ఇచ్చారు, హాస్టలూ స్కాలర్‌షిప్పూ లాంటివి. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు, మారిన తర్వాత కూడా అదే తీవ్రతతో వెనకబాటు ఉందని సాక్ష్యం చూపించాలంది. చూపించే పని ఎవరిది? సమాజశాస్త్రానిది. ఆ శాస్త్రం అన్ని యూనివర్సిటీల్లో ఉంది, కోర్టుకి మాత్రం సాక్ష్యం చాల్లేదు.

కాబట్టి ఆ బెంచీ మీద పిల్లవాడు పది గంటల పీరియడ్‌లో మాల. పదకొండు గంటల పీరియడ్‌లో మాల కాదు. పరీక్షలో రెండు జవాబులూ రాయాలి, రెండింటికీ మార్కులు వస్తాయి.

ఇంట్లో ఒక పేరు, రిజిస్టర్లో ఒక పేరు ఇందుకే వచ్చాయి. చర్చిలో ఏసుపాదం, టీసీలో వెంకటేశ్వర్లు. కులం కాలమ్‌లో 'హిందూ-మాల' అని హెడ్మాస్టరే దయతో రాసిన రోజులున్నాయి. దీన్ని మోసం అనేవాళ్ళు మాట్లాడుతూనే ఉంటారు. మా తరం దాన్ని తప్పుగా చూడలేదు. ఊళ్ళో గ్లాసు వేరుగా పెట్టేవాడు బాప్తిస్మపు పత్రం అడగడు. కారంచేడులో 1985 జులై 17న మాదిగల్ని వెంటాడి చంపినవాళ్ళు, చుండూరులో 1991 ఆగస్టు 6న మాలల్ని నరికి గోతాల్లో కుక్కినవాళ్ళు, ఎవరు ఏ చర్చికి పోతారో అడిగి నరకలేదు. చుండూరు పల్లెలో చదువుకున్నవాళ్ళున్నారు, ఉద్యోగాలున్నవాళ్ళున్నారు. సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవ వెనక ఉన్నది ఆ చదువు మీద ఉక్రోషమేనని అప్పట్లో దళిత మహాసభ వాళ్ళు చెప్పారు. అది నిజమని నేననుకుంటాను. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాడికి ఆ చట్టం రక్షణ ఉండదని ఒక పాస్టరు పెట్టిన కేసులో తీర్పు చెప్పింది. చేతిలో ఎస్సీ సర్టిఫికెట్టు ఉన్నా పనికిరాదంది. రాయితీల కోసం ఇచ్చిన 1977 జి.ఓ. చట్టబద్ధమైన రక్షణకి చాలదని కూడా అంది. ఆ జి.ఓ. మీద అయిదు మార్కుల ప్రశ్న ఏనాడైనా వచ్చి ఉంటే బాగుండు.

క్రైస్తవ కాలేజీ తన వంతు ఏం చేసింది? 30వ అధికరణం కింద మైనారిటీ సంస్థగా దానికి హక్కులున్నాయి. 2005లో 93వ సవరణతో వచ్చిన 15(5) అధికరణం ప్రైవేటు కాలేజీల్లో కూడా దళితులకి సీట్లు కేటాయించే అధికారం ప్రభుత్వానికిచ్చి, మైనారిటీ సంస్థల్ని మాత్రం మినహాయించింది. క్రైస్తవుడు గనుక ఎస్సీ కాదని రాజ్యం అంటుంది. మైనారిటీ గనుక ఎస్సీ కోటా మాకు కట్టుబాటు కాదని కాలేజీ అనగలదు. ఈ రెండు వాక్యాల మధ్య పడినవాడే దళిత క్రైస్తవుడు. తమంతట తామే మన పిల్లలకి సీట్లు ఉంచిన కాలేజీలూ ఉన్నాయి, మేనేజ్‌మెంటు కమిటీలో మాలమాదిగ తగువుతో కుదేలైనవీ ఉన్నాయి. 1994లో మాదిగ దండోరా లేచాక సంఘాల లోపల బిషప్పు ఎన్నిక దగ్గర్నించి అటెండరు పోస్టుదాకా ఎవరి వాటా ఎంతన్న ప్రశ్న బాహాటంగా వచ్చింది. రావలసిన ప్రశ్నే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్నాక కూడా, 'సి' గ్రూపులో ఉన్న మాదిగ క్రైస్తవుడికి ఆ తీర్పుతో ఒరిగింది లేదు.

పాలనలోకి వెళ్ళి పుస్తకాన్ని తిరగేసినవాళ్ళు లేకపోలేదు. ఎస్.ఆర్.శంకరన్ మద్రాసు లయోలాలో చదివి, మదురై అమెరికన్ కాలేజీలో పాఠం చెప్పి ఐ.ఎ.ఎస్.లోకి వచ్చాడు. దళితుడు కాదు, క్రైస్తవుడూ కాదు. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని కాగితం మీంచి ఊళ్ళోకి దించిన అధికారి, సాంఘిక సంక్షేమ హాస్టళ్ళకి దిక్కుగా నిలిచినవాడు. నిబంధనకి కళ్ళు లేవన్న వేబర్ మాటని ఆయన పక్కన పెట్టి, నిబంధనని వెట్టివాడి వైపు నిలబడి చదివాడు. ఆయన 2010లో చనిపోయాడు. పాలనాశాస్త్రం పుస్తకంలో రిగ్స్‌కి ఒక అధ్యాయం ఉంది.

ఈ రెండు సబ్జెక్టుల్లో పరిశోధన చేస్తున్న విద్యార్థి మిత్రులకి ఒక పని చెప్పాలనుంది. మిషన్ బంగళాల్లో, పాత పాస్టరేట్ల బీరువాల్లో బాప్తిస్మపు రిజిస్టర్లున్నాయి. పాత పేరు, కొత్త పేరు, ఊరు, తేదీ ఉంటాయి. తాలూకా రికార్డు గదుల్లో గ్రామ ఉద్యోగుల, వెట్టి మాన్యాల లెక్కలున్నాయి. ఒక ఊరు తీసుకుని ఈ రెంటినీ ఎదురెదురుగా పెట్టండి. బాప్తిస్మం తీసుకున్న ఇంటికి వెట్టి మాన్యం ఉందా, ఉంటే పీకేశారా, ఏ ఏడు పీకేశారు, ఎవరి సంతకంతో? మాన్యం పోయినా చాకిరీ పోయిందా? సూసై కేసులో అడిగిన సాక్ష్యం బహుశా అక్కడుంది. రిజిస్టర్లకి చెద పడుతోంది, కొన్నిచోట్ల బంగళాలే అమ్ముడైపోయాయి. వెళ్ళేటప్పుడు పాస్టరుగారి ఉత్తరం ఒకటి తీసుకెళ్ళండి, లేకపోతే తాళం తియ్యరు.